సమాధి లేని మృతులు



హైదరాబాదు నగరమునకు తూర్పున ఉప్పల్, నాచారము అను పేటలు కలవు. నాచారము ఫ్యాక్టరీలలో పని దొరుకునని మన పల్లెలు విడిచి వెళ్లినవారు అనేకులు. మీ సంఘములోని ఒక కుటుంబమైనను ఆ ప్రాంతమున అద్దె యింట కాపురముండవచ్చును. ఉప్పల్‌నుండి ఎల్.బి.నగర్ మీదుగా బస్సులో కొంతదూరము పోయినయెడల దిల్‌సుఖ్‌నగర్ చేరుదుము. 2013వ సంవత్సరము ఫిబ్రవరి 21వ తేదీ సాయంకాలమున అక్కడ, జనులు క్రిక్కిరిసియున్న వేళ, సైకిళ్లకు పెట్టిన రెండు బాంబులు ప్రేలెను. కనీసము 17 మంది చనిపోయిరి. నూరుమందికి పైగా గాయపడిరి. అంతకు మునుపు 2007వ సంవత్సరము ఆగస్టు 25న లుంబినీ పార్కులోను, కోఠిలోని గోకుల్ చాట్ వద్దను బాంబులు ప్రేలి నలుబదిమందికి పైగా చనిపోయిరి. వీరు ఏ సేనలోను చేరి యుద్ధమునకు వెళ్లినవారు కారు. ఇల్లు చేరగోరి బయలుదేరినవారు, చదువుకొను పిల్లలు, సాయంకాలపు షికారునకు వచ్చినవారు.

ఇట్టి మరణవార్త వినినప్పుడు మనలో కొందరు, "ఏ పాపము చేసిరో, అట్టి చావు చచ్చిరి" అందురు. ఈ మాటకు మన ప్రభువు చాలకాలము క్రిందటనే ప్రత్యుత్తరమిచ్చెను. లూకా సువార్త 13వ అధ్యాయము తెరచి చూడుడి. సిలోయములో గోపురము కూలి 18 మంది చచ్చిరి. వారు యెరూషలేములోని తక్కినవారికంటె ఎక్కువ అపరాధులా యని ఆయన అడిగి, కారని తానే చెప్పెను. ఆ పదునెనిమిదిమంది పేరులు సువార్తలో లేవు. వారి లెక్క మాత్రము ప్రభువు మరువలేదు.

మన తెలుగువారి మీదను ఇట్టి గోపురములు కూలినవి. వానిలో రెంటిని గూర్చి చెప్పెదను. రెండును మన పండుగ దినములతో చేరియున్నవి.

మొదటిది రంగూను సంగతి. కాకినాడ, విశాఖపట్టణము మొదలగు రేవులలో స్టీమరెక్కి మనవారు వేలకొలదిగా బర్మాకు పోవుచుండిరి. కోరంగి రేవు పేరునుబట్టి అక్కడివారు వీరిని కోరంగీలని పిలిచిరి. ఓడలలో బస్తాలు మోసినవారు, బియ్యపు మిల్లులలో పనిచేసినవారు, రిక్షాలు లాగినవారు వీరే. 1941వ సంవత్సరము డిసెంబరు 23న జపాను విమానములు ఆ నగరముమీదికి వచ్చెను. బాంబనగా నేమో యెరుగని జనులు విమానములను చూచుటకు వీధులలోనికి వచ్చి నిలిచిరి. ఆ యొక్క దినముననే వెయ్యిమందికి పైగా చనిపోయిరని చరిత్రకారులు వ్రాసిరి. నడుమ ఒక్క దినము గడచెను. 25వ తేదీన, క్రిస్మసు దినముననే, విమానములు మరల వచ్చెను. ఆ మీదట లక్షలకొలది భారతీయులు బర్మా విడిచి కొండదారులను, అడవిదారులను స్వదేశమునకు నడిచిరి. ఆకలిచేతను, కలరాచేతను, మలేరియాచేతను దారిలో పడిపోయినవారు వేలకొలది. వారిని పూడ్చుటకు ఎవరును ఆగలేదు. ఆగినవారు తామును అక్కడనే పడియుందురు.

రంగూనునకు ఉత్తరమున తౌక్యాన్ అను చోట గొప్ప యుద్ధ స్మశానము కలదు. బర్మా యుద్ధములో చనిపోయి సమాధి దొరకని సుమారు 27,000 మంది సైనికుల పేరులను అక్కడి రాతిస్తంభములమీద చెక్కించిరి. 1958లో ప్రతిష్ఠింపబడిన ఆ స్మారకముమీద మన దేశపు సిపాయీల పేరులును అనేకములున్నవి. అది న్యాయమైన పనియే. అయితే బస్తా మోయుచు చనిపోయిన కోరంగి సైనికుడు కాడు. ఆ స్తంభము అతని కొఱకు నిలిపినది కాదు.

రెండవది మన తీరముననే జరిగెను. 1942వ సంవత్సరము ఏప్రిల్ 5 పునరుత్థాన ఆదివారము. ఆ ఉదయముననే జపానువారు కొలంబోమీద బాంబులు వేసిరి. మరునాడు, సోమవారమున, ర్యూజో అను ఓడనుండి లేచిన విమానములు విశాఖపట్టణముమీదను, కాకినాడమీదను బాంబులు వేసెను. కొందరు చనిపోయిరి. పట్టణములు ఖాళీయగునట్లు జనులు పల్లెలకు తరలిపోయిరి. నాటి బాంబుగుండు విశాఖ మ్యూజియములో భద్రముగా నున్నది. 1971 యుద్ధములో నౌకాదళము గెలిచిన విజయమునకు గుర్తుగా సముద్రతీరమున స్మారకము కలదు. చదువరులారా, 1942లో ఆ బాంబులచేత చనిపోయినవారిలో ఒక్కరి పేరైనను మీకు తెలియునా?

ఇతర దేశములవారు ఏమి చేసిరో చూతము. జపానులోని హిరోషిమాలో 1952లో ఒక స్మారకము కట్టి, దాని క్రింద రాతిపెట్టెలో అణుబాంబు మృతుల పేరుల పుస్తకములుంచిరి. ఏటేట ఆగస్టు 6న క్రొత్త పేరులు చేర్చుదురు. ఇప్పటికి 3 లక్షల 40 వేలకు పైగా పేరులు అందున్నవి. తెలుగువారిమీద బాంబులు వేసిన దేశమే అట్లు ఏడ్చెనని గుర్తెరుగుడి; దుఃఖమునకు శత్రువు, మిత్రుడు అను భేదము లేదు. లండనులోని వెస్ట్‌మినిస్టర్ ఆబీ దేవాలయములో, రెండవ ప్రపంచయుద్ధమున చనిపోయిన పౌరులు 66 వేలకు పైబడినవారి పేరులు పుస్తకములలో వ్రాసియుంచిరి. కోవెంట్రీ నగరపు గొప్ప దేవాలయము 1940 నవంబరు 14 రాత్రి జర్మను బాంబులకు కాలిపోయెను. ఆ పాడుగోడలను తీసివేయక, కాలిన రెండు దూలములను సిలువగా కట్టి, తండ్రీ క్షమించుమను ప్రార్థనను గోడమీద చెక్కించిరి. ఎవరిని క్షమింపవలెనో ఆ గోడ చెప్పదు. బాంబు వేసినవారును, వేయించుకొన్నవారును ఆ ప్రార్థన క్రిందనే నిలువవలెను. ఆ గోడల ప్రక్కనే 1962లో క్రొత్త దేవాలయమును ప్రతిష్ఠించిరి.

అంతటి రాళ్లు నిలుపుటకు మనయొద్ద ధనమెక్కడిది అందురేమో. యొర్దాను దాటినప్పుడు యెహోషువ నిలువబెట్టించినవి శిల్పులు చెక్కిన రాళ్లు కావు. నదిలోనుండి పండ్రెండుమంది భుజములమీద మోసికొని వచ్చిన రాళ్లు. ముందు తరమున పిల్లలు ఈ రాళ్లేమని అడుగుటకే వానిని నిలిపిరి. అడుగు బిడ్డయు, చెప్పు పెద్దయు ఉన్నచోట చిన్నరాయియు చాలును.

పునరుత్థాన దినమున తెల్లవారుజామున మనము స్మశానమునకు వెళ్లి, సున్నము వేసిన సమాధులమీద పూలుంచి, కొవ్వొత్తులు వెలిగింతుము. మరి సమాధి లేనివారి మాట యేమి? రంగూను వెళ్లి తిరిగిరాని తాత, బర్మా దారిలో విడువబడిన పసిబిడ్డ, పట్టణమునకు పనికి పోయి బాంబునకు బలియైన యౌవనుడు మీ యూరిలో ఎవరైన నుండిరా? వృద్ధులు జీవించియుండగానే అడుగుడి. తెలిసిన పేరులు సంఘపు పుస్తకములో వ్రాయుడి. వారు మన సంఘస్థులు కాకపోయినను, మన మతస్థులే కాకపోయినను వ్రాయుడి. ప్రభువు సిలోయము మృతుల లెక్క చెప్పినప్పుడు వారి మతమెంచలేదు, పాపమెంచలేదు. వచ్చు పునరుత్థాన దినమున స్మశానములో ఆ పేరులు బిగ్గరగా చదివి, వారి కొఱకు ఒక్క కొవ్వొత్తియైనను వెలిగించుడి. ప్రక్కనున్న బిడ్డ, "ఈ వెలుగు ఎవరిది?" అని అడుగును. అప్పుడు చెప్పుడి.