సోల్ పాట పుట్టింటికొచ్చిన రెండు రాత్రులు

ఒకరి పాటను మరొకరు మళ్లీ పాడి రికార్డు చేస్తే పాశ్చాత్యులు దాన్ని ‘కవర్’ అంటారు. మన కచేరీల్లో ఒకే త్యాగరాజ కృతిని వందమంది పాడినా ఆ మాట ఎవరి నోటా రాదు. ఎవరి బాణీ వారిది. అమెరికన్ సోల్ గాయని అరీతా ఫ్రాంక్లిన్ ‘అమేజింగ్ గ్రేస్’ రికార్డు విన్నప్పుడల్లా నాకు ఈ తేడా గుర్తొస్తుంది. అందులో ఆమె కట్టిన పాట ఒక్కటీ లేదు. అయినా వాటిని ఎరువు పాటలనడానికి మనసొప్పదు.

ఆమె ఖ్యాతికి పునాది కూడా ఒక పరాయి పాటే. ఓటిస్ రెడింగ్ 1965లో పాడిన ‘రెస్పెక్ట్’ను 1967లో అరీతా పాడాక, అది ఆమెదే అని లోకం తీర్మానించేసింది. 1971లో శాన్ ఫ్రాన్సిస్కోలోని ఫిల్మోర్ వెస్ట్‌లో హిప్పీ కుర్రకారు ముందు పాడి రికార్డు చేసిన కచేరీలోనూ సగానికి పైగా ఇతరుల పాటలే. పేరు, డబ్బు, వరుస హిట్లు అన్నీ ఉన్న ఆ ఊపులో తర్వాతి లైవ్ రికార్డును ఇంకా పెద్ద హాల్లో పెట్టుకోవచ్చు. ఆమె చర్చికి వెళ్లింది.

లాస్ ఏంజిలిస్‌లో అప్పట్లో నల్లవారు ఎక్కువగా ఉన్న వాట్స్ ప్రాంతంలోని న్యూ టెంపుల్ మిషనరీ బాప్టిస్టు చర్చి అది. ఒకప్పుడు సినిమా హాలు. 1972 జనవరి 13, 14 తేదీల్లో, రెండు రాత్రులు పాడింది. అప్పటికామెకు 29 ఏళ్లు. పక్కన రెవరెండ్ జేమ్స్ క్లీవ్‌లాండ్, వెనక సదరన్ కాలిఫోర్నియా కమ్యూనిటీ కోయిర్. డెట్రాయిట్‌లో అరీతా తండ్రి సి.ఎల్. ఫ్రాంక్లిన్ పాస్టరుగా ఉన్న చర్చిలో సంగీతం చూసిన మనిషే ఈ క్లీవ్‌లాండ్. చిన్ననాటి అరీతాకు పియానో మెళకువలు కొన్ని ఆయన దగ్గరే అబ్బాయి. డ్రమ్స్ మీద బెర్నార్డ్ పర్డీ, బేస్ మీద చక్ రైనీ, గిటార్ మీద కార్నెల్ డుప్రీ మాత్రం ఆమె సోల్ పాటలకు వాయించే జట్టే. భక్తి పాటకు ఆ నడక తోడైంది.

పాటల పుట్టుకలు చూస్తే ఇంకా విచిత్రం. శీర్షిక గీతాన్ని రాసిన జాన్ న్యూటన్ ఇంగ్లండు వాడు. బానిసలను మోసిన ఓడలకు కెప్టెన్‌గా పనిచేసి, తర్వాత పాదిరి అయ్యాడు. 1779లో అచ్చయిన ఆ గీతాన్ని నల్లవారి చర్చిలు సొంతం చేసుకున్నాయి. అరీతా దాన్ని పది నిమిషాల పైచిలుకు సాగదీస్తుంది. ఒక్కో మాటను పట్టుకుని తిప్పుతుంది, వదులుతుంది, మళ్లీ పట్టుకుంటుంది. రాగాలాపన అలవాటైన చెవికి ఆ పద్ధతి కొత్తగా అనిపించదు. ఆ పాట నడుస్తుండగానే క్లీవ్‌లాండ్ ముఖం కప్పుకుని ఏడ్చేశాడు.

నాకు మరీ ఇష్టమైనది ఇంకోటి. ‘ప్రెషస్ లార్డ్, టేక్ మై హ్యాండ్’ అనే పాటను థామస్ డోర్సీ 1932లో, పురిట్లో భార్యనూ ఆ వెంటనే బిడ్డనూ పోగొట్టుకున్న దుఃఖంలో కట్టాడు. అంతకుముందు ఆయన బ్లూస్ పియానో వాయించి బతికినవాడు. దాన్ని అరీతా, కరోల్ కింగ్ రాసిన ‘యూ హావ్ గాట్ ఎ ఫ్రెండ్’తో కలిపేసింది. అది 1971లో రేడియోల్లో మోగిపోయిన స్నేహ గీతం. చర్చిలో పాడేసరికి ఆ స్నేహితుడు ఏసు అయిపోయాడు. మార్విన్ గే పాటా, బ్రాడ్వే నాటకం కోసం రోజర్స్, హామర్‌స్టీన్ రాసిన పాటా ఇలాగే ప్రార్థనల వరుసలో చేరాయి.

శ్రోతలు కూడా ఈ రికార్డులో వాద్యమే. చప్పట్లు, కేకలు, ‘ఎస్’ అనే జవాబులు వినిపిస్తూనే ఉంటాయి. భజనలో ముందు పాడేవారికి వెనక గొంతులు ఎంత అవసరమో ఇక్కడా అంతే. స్టూడియోలో ఈ రికార్డు పుట్టేది కాదు. ఆ ఏడాది జూన్‌లో రెండు ఎల్పీల జంటగా విడుదలై, అమెరికాలో ఇరవై లక్షలకు పైగా అమ్ముడైంది. అరీతా ఆల్బమ్‌లలో అంతగా అమ్ముడైనది వేరే లేదు.

ఆ రెండు రాత్రులనూ సినిమా దర్శకుడు సిడ్నీ పొలాక్ కెమెరాలు పెట్టి చిత్రీకరించాడు. క్లాప్ కొట్టకుండా తీసేశారు. దాంతో బొమ్మకూ శబ్దానికీ పొంతన కుదరక రీళ్లు దశాబ్దాల పాటు డబ్బాల్లోనే ఉండిపోయాయి. కంప్యూటర్లు వచ్చాక ఆ చిక్కు వీడింది కానీ, అరీతా కోర్టుకెళ్లి ప్రదర్శన ఆపించింది. ఆమె 2018 ఆగస్టులో పోయింది. సినిమా నవంబరులో తెర మీదికొచ్చింది. అందులో అరీతా పాటల మధ్య దాదాపు నోరు విప్పదు. రెండో రాత్రి ఆమె పియానో ముందు పాడుతుంటే, తండ్రి లేచొచ్చి ఆమె ముఖం మీది చెమట తుడుస్తాడు.

తన పద్నాలుగో ఏట, 1956లో, అరీతా మొదటిసారి రికార్డుకెక్కింది ఆ తండ్రి చర్చిలోనే. అప్పుడు పాడిన వాటిలో ‘నెవర్ గ్రో ఓల్డ్’ ఒకటి. ‘అమేజింగ్ గ్రేస్’లో చివరి పాట అదే.