భద్రతా రంగంలో కళాశాల ఇంటర్న్‌షిప్

భద్రతా రంగంలో కళాశాల ఇంటర్న్‌షిప్ అనగా డిగ్రీ లేదా వృత్తి విద్య చదువుచున్న విద్యార్థి, చదువులో భాగముగా కొంతకాలము భద్రతకు సంబంధించిన సంస్థలో పనిచేసి అనుభవము పొందు విధానము. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీలు, బ్యాంకులు, ఆసుపత్రులు, కర్మాగారాలు, పోలీసు స్టేషన్లు, సైబర్ భద్రతా సంస్థలు ఇందుకు వేదికలు కాగలవు. ఇతర రంగాల ఇంటర్న్‌షిప్‌లకు, దీనికి ఒక ముఖ్యమైన తేడా ఉన్నది. భారతదేశంలో ప్రైవేటు కాపలా పని ప్రత్యేక చట్టమునకు లోబడినది. ఇంటర్న్‌షిప్ ధ్రువపత్రము అనుభవానికి సాక్ష్యమే గాని, సెక్యూరిటీ గార్డు ఉద్యోగానికి అర్హత కాదు. కామారెడ్డి, ఎల్లారెడ్డి వంటి పట్టణాల నుండి హైదరాబాదుకు, గల్ఫ్ దేశాలకు ఈ ఉద్యోగాలకై వెళ్ళే యువతకు ఈ తేడా తెలిసియుండుట అవసరము.

నేపథ్యము

తెలంగాణ గ్రామాలలో పూర్వము కావలికారు వ్యవస్థ ఉండేది. ఆ పనిని కుటుంబములోని పెద్దల వద్దనే నేర్చుకొనేవారు. నగరాలలో కార్యాలయాలు, అపార్టుమెంట్లు, ఏటీఎంలు పెరిగిన తరువాత ఈ పని ప్రైవేటు ఏజెన్సీల చేతిలోకి వచ్చినది. వీటిని నియంత్రించుటకు పార్లమెంటు 2005లో ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల (నియంత్రణ) చట్టమును ఆమోదించినది. దీని క్రింద కేంద్ర నమూనా నియమాలు 2006లో వెలువడినవి. వీటిని ఆధారము చేసుకొని రాష్ట్రాలు తమ నియమాలను రూపొందించుకొనును.

డిగ్రీ చదువులో ఇంటర్న్‌షిప్‌కు స్థానము ఇటీవలి కాలములోనే పెరిగినది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2020లో డిగ్రీ విద్యార్థులకు మొత్తము 10 నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసినది. విశ్వవిద్యాలయ నిధుల సంఘము (యూజీసీ) 2022 డిసెంబరులో విడుదల చేసిన పాఠ్య ప్రణాళిక చట్రములో ఇంటర్న్‌షిప్‌కు 2 నుండి 4 క్రెడిట్లు కేటాయించబడినవి. ఒక క్రెడిట్‌కు 30 గంటల పని. అనగా 4 క్రెడిట్లకు 120 గంటలు.

చట్టము, శిక్షణ

2005 చట్టము ప్రకారము లైసెన్సు లేకుండా సెక్యూరిటీ ఏజెన్సీ నడుపరాదు. లైసెన్సు ఐదేళ్ళు చెల్లును. ఒక జిల్లాకు 5,000 రూపాయలు, ఐదు జిల్లాల వరకు 10,000 రూపాయలు, రాష్ట్రమంతటికీ 25,000 రూపాయలు రుసుముగా చట్టములోనే నిర్ణయించబడినవి. గార్డుగా చేరే వ్యక్తి భారత పౌరుడై, 18 ఏళ్ళు నిండి, 65 ఏళ్ళు నిండనివాడై ఉండవలెను. నడవడి, పూర్వాపరాల విచారణ జరగవలెను. నిర్దేశిత శిక్షణ పూర్తి చేయవలెను. సైన్యము, పోలీసు, హోంగార్డులలో పనిచేసినవారికి ఏజెన్సీ ప్రాధాన్యము ఇవ్వవచ్చును.

కేంద్ర నమూనా నియమాల ప్రకారము కొత్తగా చేరువారికి శిక్షణ ఇట్లు ఉండవలెను:
* తరగతి గది శిక్షణ: 100 గంటలు
* క్షేత్ర శిక్షణ: 60 గంటలు
* మొత్తము: 160 గంటలు, కనీసము 20 పనిదినాలు

మాజీ సైనికులకు, మాజీ పోలీసులకు 40 గంటల తరగతులు, 16 గంటల క్షేత్ర శిక్షణ చాలును. పాఠ్యాంశాలలో దేహదారుఢ్యము, భవనాల భద్రత, అగ్నిమాపకము, గుంపుల నియంత్రణ, గుర్తింపు పత్రాల పరిశీలన, పేలుడు పదార్థాల గుర్తింపు, ప్రథమ చికిత్స, పోలీసు ఫిర్యాదు ఇచ్చు పద్ధతి, ఆత్మరక్షణ హక్కు మొదలైనవి ఉన్నవి.

పై లెక్కలను పోల్చి చూచిన, 4 క్రెడిట్ల ఇంటర్న్‌షిప్ పూర్తిచేసిన విద్యార్థి కూడా చట్టము కోరు శిక్షణకు 40 గంటలు వెనుకబడి ఉండును. పైగా ఇంటర్న్‌షిప్‌లో గడిపిన కాలము దానంతట అది ఈ శిక్షణగా లెక్కకు రాదు. గుర్తింపు పొందిన శిక్షణ సంస్థ ఇచ్చిన ధ్రువపత్రము వేరుగా ఉండవలెను.

ఇంటర్న్ నేర్చుకొను పనులు

భద్రతా పనిలో అధిక భాగము వ్రాతపనియే. గేటు వద్ద సందర్శకుల రిజిస్టరు, సరుకు బయటకు పోవునపుడు గేట్‌పాస్, తాళాల రిజిస్టరు, సంఘటనల పుస్తకము, షిఫ్టు మారునపుడు బాధ్యతల అప్పగింత మొదలైనవి ఇందులోనివి. దొంగతనము జరిగిన తరువాత పోలీసులు ముందుగా అడుగునది ఈ పుస్తకాలనే. సమయము వేయని, సంతకము లేని పద్దు విచారణలో నిలువదు. కామర్సు, కంప్యూటరు విద్యార్థులు త్వరగా రాణించునది ఈ పనిలోనే.

సీసీ కెమెరాల గది మరొక ముఖ్యమైన విభాగము. 2013లో వచ్చిన ప్రజా భద్రత (చర్యల) అమలు చట్టము ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రూపొందినది. దీని ప్రకారము ఒకేసారి 100 మంది లేదా అంతకు మించి గుమికూడే సంస్థలు కెమెరాలు అమర్చి, దృశ్యాలను 30 రోజులు భద్రపరచవలెను. ఏ కెమెరా పనిచేయుటలేదో, గడియారము సరిగా ఉన్నదో లేదో ప్రతిదినము చూచుట ఇంటర్న్‌కు అప్పగించదగిన పని.

అగ్నిప్రమాదాల విషయములో నూనె, విద్యుత్తు మంటలపై నీరు పోయరాదను సంగతి, సిలిండరు పిన్ను తీసి మంట మొదలుపై గురిపెట్టు పద్ధతి మొదలైనవి సాధనతోనే అలవడును.

గార్డుకు పోలీసు అధికారాలు లేవు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షను ప్రకారము, తన ఎదుట బెయిలు లేని, పోలీసులు వారెంటు లేకుండా పట్టుకొనదగిన నేరము చేసినవానిని సామాన్య పౌరుడు కూడా పట్టుకొనవచ్చును. అయితే ఆరు గంటలలోపు పోలీసులకు అప్పగించవలెను. అనుమానితుని గదిలో నిర్బంధించుట, కొట్టుట నేరములగును. భారతీయ న్యాయ సంహితలోని 34 నుండి 44 వరకు గల సెక్షన్లు ఆత్మరక్షణ హక్కును, దాని హద్దులను తెలుపును.

పోలీసు స్టేషన్లలో, సైబర్ భద్రతలో

కేంద్ర యువజన వ్యవహారాల శాఖ, హోం శాఖ కలిసి 2023లో స్టూడెంట్ పోలీస్ ఎక్స్‌పీరియెన్షియల్ లెర్నింగ్ అను కార్యక్రమమును ప్రారంభించినవి. ఇందులో కళాశాల విద్యార్థులు పోలీసు స్టేషనులో 30 రోజులలో 120 గంటలు గడిపి నేర విచారణ, ట్రాఫిక్ నియంత్రణ, సైబర్ నేరములు మొదలైన వాటిని గమనింతురు. కానిస్టేబుల్ ఎంపిక మాత్రము వ్రాత, దేహదారుఢ్య పరీక్షల ద్వారానే జరుగును. ఈ అనుభవము అందుకు ప్రత్యామ్నాయము కాదు.

సైబర్ భద్రతలో 2005లో మొదలైన సమాచార భద్రతా విద్య, అవగాహన ప్రాజెక్టుకు హైదరాబాదులోని సీ-డాక్ ముఖ్య కేంద్రముగా పనిచేయుచున్నది. ఈ విభాగములో ఇంటర్న్ అనుమతి లేని కంప్యూటరును పరీక్షించుట సమాచార సాంకేతిక చట్టము, 2000 ప్రకారము తప్పగును. కనుక వ్రాతపూర్వక అనుమతి మొదటి పాఠము.

కామారెడ్డి, ఎల్లారెడ్డి

కామారెడ్డి జిల్లా 2016 అక్టోబరు 11న నిజామాబాదు జిల్లా నుండి ఏర్పడినది. ఎల్లారెడ్డి ఈ జిల్లాలోని రెవెన్యూ డివిజన్లలో ఒకటి. రెండు పట్టణాలలోను ప్రభుత్వ డిగ్రీ కళాశాలలు కలవు. ఇవి తెలంగాణ విశ్వవిద్యాలయ పరిధిలోనివి. కామారెడ్డి 44వ జాతీయ రహదారిపైన, సికింద్రాబాదు-నిజామాబాదు రైలుమార్గముపైన ఉన్నది. ఎల్లారెడ్డికి రైలుమార్గము లేదు.

ఈ ప్రాంతములో భద్రతా పని నేర్చుకొనదగిన స్థలాలు పెద్ద కార్యాలయాలు కావు. బ్యాంకు శాఖలు, ఆసుపత్రులు, బంగారు దుకాణాలు, రైసుమిల్లులు, ధాన్యపు గోదాములు, మార్కెట్ యార్డులు మొదలైనవి ఉన్నవి. కొనుగోలు కాలములో లారీల రాకపోకలు, బస్తాల లెక్క, తూకము చీటీల పరిశీలన భద్రతా వ్యవస్థలోని భాగములే. ఎల్లారెడ్డి విద్యార్థి కామారెడ్డిలో పనిచేయవలెనన్న బస్సు వేళలు ముఖ్యము. రాత్రి షిఫ్టు ఇచ్చినచో తిరిగి వచ్చు మార్గము ముందుగా తేల్చుకొనవలసి ఉండును.

విదేశీ ఉపాధి

నిజామాబాదు, కామారెడ్డి జిల్లాల నుండి గల్ఫ్ దేశాలకు వలస ఎక్కువ. అక్కడ సెక్యూరిటీ గార్డు ఉద్యోగాలు చేయువారు గలరు. దుబాయిలో ఈ పనికి అక్కడి భద్రతా పరిశ్రమ నియంత్రణ సంస్థ (సిరా) శిక్షణ, అనుమతి తప్పనిసరి. భారతదేశపు ధ్రువపత్రము అక్కడ లైసెన్సు కాదు. 1983 వలస చట్టము క్రింద నమోదైన ఏజెంట్ల ద్వారా మాత్రమే వెళ్ళుట క్షేమము. తెలంగాణ ప్రభుత్వపు విదేశీ నియామక సంస్థ టామ్‌కామ్ కూడా ఈ సేవలు అందించుచున్నది.

విమర్శలు, జాగ్రత్తలు

ఇంటర్న్‌షిప్ పేరిట విద్యార్థిని జీతము లేని కాపలాదారుగా వాడుకొను ప్రమాదము ఈ రంగములో ఎక్కువ. నేర్పువారు లేకుండా గేటు వద్ద ఒంటరిగా నిలబెట్టిన యెడల అది శిక్షణ కాదు, పోస్టు నింపుట మాత్రమే. ప్రమాదము జరిగినపుడు అటువంటి విద్యార్థి ఉద్యోగి కాడు, శిక్షణ పొందిన గార్డు కాడు. చేరుటకు ముందు ఈ క్రింది విషయాలు పరిశీలించవలెను:
* ఏజెన్సీ లైసెన్సు, అది కామారెడ్డి జిల్లాకు వర్తించునో లేదో
* కళాశాల, సంస్థ, విద్యార్థి మధ్య వ్రాతపూర్వక ఒప్పందము, అందులో పనివేళలు, పనులు, భృతి
* పర్యవేక్షకుని పేరు
* 160 గంటల శిక్షణ, దాని ధ్రువపత్రము ఇందులో భాగమా, వేరా
* మూల ధ్రువపత్రాలు (ఒరిజినల్ మెమోలు) సంస్థ వద్ద ఉంచవలసిన అవసరము లేకుండుట

పనిచేయు చోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధక చట్టము, 2013లో ఉద్యోగి నిర్వచనములో శిక్షణార్థులు కూడా చేరియున్నారు. కనుక విద్యార్థినులు సంస్థలోని అంతర్గత ఫిర్యాదుల కమిటీని ఆశ్రయించవచ్చును.

ఇవి కూడా చూడండి

* కామారెడ్డి జిల్లా
* ఎల్లారెడ్డి
* తెలంగాణ విశ్వవిద్యాలయము
* హోంగార్డు