రాతిబొగ్గుకు ఆనవాలైన ఆకు

మంగినపూడి సముద్రతీరమున ఇసుకకన్న నల్లమన్నే ఎక్కువగా కనబడును. దివిసీమలో కృష్ణ సముద్రమున కలియు చోట్ల మడ అడవులు కలవు. మడచెట్టు ఆకు రాలి బురదలో పడి, దానిపై వెంటనే ఒండ్రు పేరుకొన్నచో, గాలి సోకక ఆకు త్వరగా కుళ్లదు. ఇట్లు కప్పబడిన ఆకులలో ఏ కొన్నియో లక్షల ఏండ్లకు రాతిలో అచ్చుగా మిగులును. డెల్టా పైనేల వయసు కొన్నివేల ఏండ్లే గనుక, అట్టి ఆకురాళ్లు ఇక్కడ దొరకవు. నూజివీడు ప్రాంతపు గొల్లపల్లికో, గోదావరి లోయలోని సింగరేణి గనులకో పోవలెను. రెండుచోట్లను ఆకు శిలాజములు కలవు. కాని సింగరేణి పొరలలో బొగ్గు కలదు, గొల్లపల్లి పొరలలో లేదు. ఈ భేదమును ఆకులే చెప్పగలవు.

బొగ్గు పొరలతో కనబడు ఆకునకు 1828లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు అడాల్ఫ్ బ్రాన్యార్ 'గ్లాసాప్టెరిస్' అని పేరు పెట్టినాడు. గ్రీకుభాషలో దీనికి 'నాలుక ఫెర్న్' అని అర్థము. ఆకు నాలుకవలె పొడవుగా నుండును. నడుమ స్పష్టమైన ఈనె, దానినుండి ఇరుప్రక్కలకు పోవుచు వలవలె అల్లుకొను సన్నని ఈనెలు దీని గుర్తులు. ఈనెల వల ఉండియు నడిమి ఈనె స్పష్టముగా లేనిది గంగమాప్టెరిస్. వలకన్నుల వెడల్పు, పొడవు, వాలులను బట్టి జాతులను విడదీయుదురు.

ఆకును చూచి ఇది ఫెర్న్ మొక్క యని చాలకాలము తలచిరి. ఆకు ఒక్కటే దొరకినప్పుడు ఇట్టి పొరపాటు సహజము. 1952లో దక్షిణాఫ్రికాలో ఎడ్నా ప్లమ్‌స్టెడ్ ఆకులకే అంటియున్న ఫలభాగములను వర్ణించుటతో, ఇది విత్తనముల మొక్కయని తేలినది. వెర్టిబ్రేరియా అను వేరొక శిలాజము దీని వేరేయని కూడ తరువాత రుజువైనది. ఆ వేరులో ఖాళీ గదులుండుట చిత్తడినేలకు తగిన ఏర్పాటు. మన మడచెట్లు బురదపైకి ఊపిరి వేళ్లను పంపుట ఇట్టిదే.

ఈ ఆకు వయసుపై పెద్ద వివాదము నడచినది. భారత భూగర్భ పరిశీలన శాఖలో 1875 నుండి పనిచేసిన బొహీమియా దేశీయుడు ఓటోకార్ ఫైస్ట్‌మాంటెల్, బొగ్గు పొరలు ట్రయాసిక్ కాలమువని వాదించినాడు. అవి అంతకన్న పాతవని ఇతరులు పట్టుపట్టిరి. 20వ శతాబ్ది తొలి ఏండ్లలో కాశ్మీరమున గంగమాప్టెరిస్ ఆకుల పొరలకు పైన పెర్మియన్ కాలపు సముద్రజీవుల శిలాజములు కనబడినవి. క్రిందిపొర పైపొరకన్న ముందటిది గదా! ఇందుతో పాతవన్నవారి మాటే నిలిచినది. పెర్మియన్ కాలమనగా సుమారు 30 కోట్ల ఏండ్ల నుండి 25 కోట్ల ఏండ్ల వెనుకటిది.

అయినను ఫైస్ట్‌మాంటెల్ శ్రమ వృథా కాలేదు. గొల్లపల్లి ఆకులను పరిశీలించి 1877లో వర్ణించినవాడును ఆయనయే. అచ్చట గ్లాసాప్టెరిస్ లేదు, టైలోఫిల్లమ్ కలదు. ఇది ఈతాకువలె నడిమి కాడకు రెండువైపుల సన్నని చిట్టాకులు వరుసదీరినది. ఇట్టి ఆకులు గల విలియంసోనియా మొక్క రూపమును 1932లో బీర్బల్ సాహ్ని రాజమహల్ కొండల శిలాజములనుండి పునర్నిర్మించినాడు. గొల్లపల్లి రాళ్లు జురాసిక్ కడపటి, క్రిటేషస్ మొదటి కాలములకు చెందినవని ఇప్పటి అభిప్రాయము.

దీని ప్రయోజనమేమి? బావి త్రవ్వునప్పుడు టైలోఫిల్లమ్ ఆకు తగిలినచో, ఆ పొరలో సింగరేణి బొగ్గును వెదకరాదు. ఉన్నచో అది ఇంకను క్రింద నుండవలెను. గ్లాసాప్టెరిస్ తగిలినచో, బొగ్గు ఏర్పడిన కాలపు పొరలకు చేరితిమని అర్థము.

ఈ ఆకే ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా, దక్షిణ అమెరికాలలో దొరకినది. 1912లో దక్షిణధ్రువమునుండి మరలుచు మంచులో మరణించిన స్కాటు బృందము వద్ద మిగిలిన రాళ్లలోను ఇది ఉన్నది. ఈ భూములన్నియు ఒకప్పుడు కలిసియుండెననుటకు ఇదియొక సాక్ష్యము. కనుక విద్యార్థులారా, ఆకురాయి దొరకినచో దానిని మాత్రమే తెచ్చుకొనక, దొరకిన చోటును, పొరను కూడ వ్రాసి ఉంచుడు. ఆ వ్రాత లేనిచో రాయి కథ సగమే తెలియును.