సరసానికి హక్కుదారులు

వెనకటి పెళ్లిళ్లలో వియ్యపురాలి మీద ఎగతాళి పాటలు పాడేవారు. పాట పైకి వంకాయ కూర గురించే. వినేవాళ్లు మాత్రం పమిటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వేవారు. ఆ నవ్వులో కూర పాలు ఎంతో పందిట్లో పిల్లలకు కూడా తెలుసు లెండి!

ఇలా ఒక మాటకు రెండర్థాలు కట్టే విద్యలో షేక్‌స్పియర్ మహాకవి (1564–1616) ఆరితేరినవాడు. ఆయన నాటకం 'లవ్స్ లేబర్స్ లాస్ట్' నాలుగో అంకంలో ఒక రాకుమారి చెలికత్తెలతో జింకల వేటకు వెళుతుంది. అక్కడ విల్లు గురించీ, బాణం గురించీ, గురి తగలడం గురించీ ఆడా మగా ఒకటే సరసం. అది విలువిద్య పాఠమనుకునేవాడు అమాయకుడు. ఆనాటి దొరతనం కూడా ఈ సరసాల జోలికి పెద్దగా పోలేదు. ఎలిజబెత్ రాణి పోయిన మూడేళ్లకు, 1606లో, నాటకాలకు ఒక చట్టం వచ్చింది. వేదిక మీద దేవుడి పేరు తేలిగ్గా వాడితే పది పౌన్ల జరిమానా. మోటు హాస్యం ఊసే అందులో లేదు!

అయితే ఒక తిరకాసుంది. ఆ సరసం రాసింది మగవాడు. చెలికత్తెల నోట పలికింది చీరకు బదులు గౌను కట్టిన కుర్రాళ్లు. లండను నాటకశాలల్లో ఆడవేషం ఆడవాళ్లకు దక్కింది 1660లో.

ఇక మన అరకు కొండలకు రండి. చైత్రమాసంలో అక్కడ ఇటుకల పండగ. విత్తనాలకు పూజ చేస్తారు, థింసా ఆడతారు. వెనకటి రోజుల్లో మగవాళ్లు వేటకు వెళ్లేవారు. ఉత్తచేతులతో తిరిగొచ్చారో, ఆడవాళ్ల చేతిలో వాళ్ల పని అయిపోయినట్టే. పేడముద్దలు, వాటి వెంట పాటలు. ఆ పేడముద్దల సంగతి 1909లో వెలువడిన థర్‌స్టన్ దొర గ్రంథానికి కూడా ఎక్కింది. గురి తప్పిన మగవాడి బాణం గురించి ఆడవాళ్లు అడిగే ప్రశ్నకు ఎన్ని అర్థాలుంటాయో నేను విడమరచి చెప్పాలా? 1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది, వేట నేరమైంది. పండగ నిలిచింది. ఆ రోజుల్లో దారికి అడ్డంగా కర్ర కట్టి, వచ్చేపోయే బండ్లను ఆపి డబ్బులడిగేదీ ఆడవాళ్లే.

లండనులో కుర్రాళ్లు అరువు గొంతుతో పలికిన సరసం ఇక్కడ ఆడవాళ్ల సొంత ఆస్తి. అదీ తేడా.

ఆ ఆస్తిని చదువుకున్న లోకం ఎంత భద్రంగా లాక్కుందో చూడండి. 1807లో 'ఫ్యామిలీ షేక్‌స్పియర్' అని ఇరవై నాటకాలను వడగట్టి అచ్చువేశారు. వడగట్టింది హెన్రియెట్టా బౌడ్లర్ అనే పెళ్లికాని దొరసాని. పుస్తకం మీద ఆవిడ పేరు లేదు. కత్తిరించాలంటే ముందు అర్థం కావాలి కదా, అది బయటపడితే ఎంత అప్రదిష్ట! 1818లో నాటకాలన్నీ వచ్చినప్పుడు తమ్ముడు థామస్ పేరు వేశారు. మన దగ్గరా అంతే. తంజావూరు ముద్దుపళని రాసిన 'రాధికా సాంత్వనము'ను చూసి కందుకూరి వీరేశలింగం పంతులుగారు ఛీఛీ అన్నారు. బెంగుళూరు నాగరత్నమ్మ దాన్ని 1910లో పూర్తిగా అచ్చువేస్తే సర్కారు నిషేధించింది. ఆ నిషేధం తొలగింది 1947లో. శృంగారం రాసిన మగకవులు మాత్రం ప్రబంధకవులై పూజలందుకున్నారు.

అరకులో యాత్రికుల కోసం ఆడే థింసా నేనూ చూశాను. డప్పు ఉంది, అడుగు ఉంది, రంగురంగుల చీరలున్నాయి. పాట అర్థమేమిటని పక్కనున్న స్థానికుణ్ణి అడిగితే ముసిముసిగా నవ్వి, "అది మా ఆడోళ్ల సంగతి, మీకెందుకు బాబూ" అన్నాడు. పాట ఆదివాసీ ఒరియాలో ఉంది గనక మాకు చప్పుడే మిగిలింది.

అలా దాచుకున్నా నాకు బాధ లేదు. నా భయమంతా రేపటి గురించి. వేదిక మర్యాద కోసం, బడి మర్యాద కోసం ఆ పాటల్ని ఎవరో ఒక పెద్దమనిషి కడిగి ఆరేస్తాడు. బూతు పోయిందని సంతోషిస్తాడు. ఏడాదికోసారి మగవాణ్ణి నిలబెట్టి నవ్వే హక్కు కూడా ఆ నీళ్లతోనే పోతుంది.