నరికి కాపాడుకున్న అడవి

కేంబ్రిడ్జి నుంచి పడమరగా కారులో అరగంట పోతే, లాంగ్‌స్టో, లిటిల్ గ్రాన్స్‌డెన్ అనే రెండు ఊళ్ల మధ్య రోడ్డు పక్కన నీళ్ల ట్యాంకు ఒకటి కనిపిస్తుంది. దాని ఎదురుగా ఉన్న బాటలో చేల అంచు పట్టుకుని నడిస్తే హేలీ వుడ్ వస్తుంది. మొత్తం కలిపి 120 ఎకరాల చిల్లర. నల్లమలలో తిరిగినవాళ్లు దీన్ని అడవి అంటే ఒప్పుకోరు. కానీ 1251లో ఈలీ బిషప్పు తన ఆస్తులన్నిటికీ చిట్టా రాయించినప్పుడు ఈ అడవి పేరు అందులోకి ఎక్కింది. ఇంచుమించు అవే రోజుల్లో మా వైపు గణపతిదేవుడు మోటుపల్లిలో వర్తకులకు అభయశాసనం వేయించాడు. అప్పుడు బిషప్పుకు రాబడి తెచ్చిన అడవి, చుట్టూ కందకం, కట్ట సహా ఇప్పటికీ అక్కడే ఉంది. ఆ కట్టను మీరు కాలితో తొక్కి చూడవచ్చు.

ఇంగ్లండులో 1600 నాటికే ఉండి, ఆనాటి నుంచి తెగకుండా నిలిచిన అడవిని ప్రాచీన అడవి అంటారు. స్కాట్లండుకు ఆ గీత 1750. అంతకు ముందు కాలంలో పనిగట్టుకుని అడవులు నాటినవాళ్లు అరుదు. కనుక 1600లో ఉన్న అడవి ఇంకెన్నో వందల ఏళ్ల నాటిదే అయ్యుండాలని లెక్క. బ్రిటన్ నేల మొత్తంలో ఇలాంటివి నూటికి రెండున్నర పాళ్లే మిగిలాయి.

మిగిలినవి ఎలా మిగిలాయన్నదే నన్ను ఈ అడవికి కట్టిపడేసింది. అడవిని కాపాడటమంటే జనాన్ని బయటికి పంపి గొడ్డలిని ఆపటమేనని నేను బళ్లో నేర్చుకున్నాను. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం నడిచింది ఆ దారినే. పల్నాడులో గొడ్ల మేతకు పుల్లరి కట్టమని ఒత్తిడి చేస్తే ఎదురుతిరిగిన కన్నెగంటి హనుమంతు 1922లో పోలీసు తూటాలకు ప్రాణమిచ్చాడు. అదే తెల్లవాళ్ల సొంత గడ్డ మీద ఈ చిన్న అడవి ఏడు వందల ఏళ్లు బతికిందంటే, దాన్ని ఏటేటా నరుకుతూ ఉండటం వల్లనే బతికింది.

ఆ నరుకుడు ఎలాంటిదో చెప్పాలి. అడవిలో కలప వేరు, పుల్ల వేరు. ఓక్ చెట్లను అక్కడొకటి ఇక్కడొకటి వదిలి దూలాల కోసం పెంచేవారు. వాటి కింద హేజెల్, యాష్, మేపుల్ చెట్లను నేలకు జానెడు ఎత్తున కొట్టేసేవారు. మోడు చావదు. వచ్చే వసంతానికి పది, పదిహేను పిలకలు వేస్తుంది. పది పన్నెండేళ్లకు అవి చేతికందే వాసాలవుతాయి, మళ్లీ కొడతారు. మా నాన్న ఒంగోలు దగ్గర మా చేలో జామాయిల్ వేసి, కాగితం మిల్లుకు ఒక కోత అమ్మి, మోళ్ల నుంచి వచ్చిన పిలకలతో రెండో కోత తీసేవాడు. అందుకే ఇక్కడ మొదటిసారి చలికాలం కోతకు వెళ్లినప్పుడు నాకు పని కొత్తగా అనిపించలేదు. కాకపోతే మా జామాయిల్ నాలుగు కోతలకు నీరసపడేది. ఈ యాష్ మోళ్లు శతాబ్దాలుగా కోతకు వస్తూనే ఉన్నాయి. కోసినకొద్దీ మోడు చుట్టూ విస్తరిస్తుంది. సఫోక్‌లోని బ్రాడ్‌ఫీల్డ్ వుడ్స్‌లో ఒక యాష్ మోడు దాదాపు 18 అడుగుల వెడల్పు ఉంది, వయసు వెయ్యేళ్లంటారు.

ఆ పుల్లతోనే ఊళ్లు నడిచాయి. పొయ్యిలోకి కట్టెలు, గొర్రెల దొడ్లకు దడులు, ఇళ్ల గోడలకు మట్టి మెత్తే తడికెలు, పారలకు పిడులు. అడవిని ముక్కలుగా విడగొట్టి ఏడాదికొక ముక్క కోసేవారు కనుక ఎప్పుడూ ఒక ముక్కలో ఎండ పడేది. ఆ ఎండ కోసమే ఆక్స్‌లిప్ అనే లేత పసుపు పువ్వు కాచుకుని ఉంటుంది. కోత అయిన రెండో వసంతంలోనో మూడోదానిలోనో ఒక్కసారిగా విరగబూస్తుంది. ఇంగ్లండులో అది ఈ తూర్పు జిల్లాల బంకమన్ను అడవుల్లో తప్ప దాదాపు ఎక్కడా కనబడదు. కొత్తగా నాటిన తోపుల్లోకి దానంతట అది పాకటం చాలా నెమ్మది. అందుకే ఈ పువ్వు గుంపుగా కనిపిస్తే పాత అడవి అని చెప్పేయొచ్చు.

1862లో కేంబ్రిడ్జి, బెడ్‌ఫర్డ్‌ల మధ్య వేసిన రైలు మార్గం సరిగ్గా ఈ అడవిని ఒరుసుకుంటూ పోయింది. అలాంటి మార్గాలన్నిటి వెంటా పల్లెలకు బొగ్గు చవకగా వచ్చింది. కట్టెపుల్లకు గిరాకీ పోయింది. కోత మందగించింది, ఆగింది. ఎవరికీ అక్కరలేని అడవిని దున్నెయ్యటం తేలిక. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత గోధుమ కోసం, పైన్ తోటల కోసం పాత అడవులను వేళ్లతో పెకలించారు, మందు కొట్టి ఎండబెట్టారు. వెయ్యేళ్లలో గొడ్డలి చేయలేని నాశనం పాతికేళ్లలో జరిగిపోయింది. బ్రాడ్‌ఫీల్డ్ పక్కనే ఉన్న మంక్స్ పార్క్ అడవిలో చాలా భాగం అలాగే పోయింది.

హేలీ వుడ్‌కు ఆ గతి పట్టకపోవటానికి కారణం 1956లో పుట్టిన ఒక చిన్న ప్రకృతి సంఘం, కేంబ్రిడ్జిషైర్ అండ్ ఐల్ ఆఫ్ ఈలీ నేచురలిస్ట్స్ ట్రస్ట్. దానికి పెద్ద ఆస్తి లేదు. జనాన్ని అడిగింది, చందాలు వచ్చాయి, 1962లో అడవిని కొనేసింది. బిషప్పుల సొత్తుగా చిట్టాకెక్కిన అడవికి చందాదారులు యజమానులయ్యారు. ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే. రాజు దానమివ్వలేదు, ప్రభుత్వం చట్టం చేయలేదు.

కొన్న రెండేళ్లకు ట్రస్ట్ వాలంటీర్లు గొడ్డళ్లు పట్టుకుని పాత ముక్కల్లో మళ్లీ కోత మొదలుపెట్టారు. ఆ పనికి చదువు బలం ఇచ్చినవాడు ఆలివర్ రాక్‌హమ్. కేంబ్రిడ్జిలో కార్పస్ క్రిస్టీ కాలేజీ పండితుడు, ఎప్పుడూ ఎర్ర మేజోళ్లతో కనిపించే మనిషి. లాటిన్ చిట్టాలు ఒక చేత్తో, మోకాటి లోతు బురద ఒక కాలితో, ఈ అడవిలో ప్రతి కట్టనూ ప్రతి మోడునూ చదివాడు. 1975లో హేలీ వుడ్ మీదే ఒక పుస్తకం వేశాడు. నరికితే చెట్టు చావదు, వేరు పెకలిస్తేనూ పిలకను పశువు మేసేస్తూ పోతేనూ చస్తుంది అన్నది ఆయన జీవితమంతా చెప్పిన మాట. 2015లో పోయాడు. నేనాయన్ని చూడలేదు, కానీ మా బృందంలో తల నెరిసినవాళ్లు ఇప్పటికీ ఏదైనా వాదన వస్తే ఆయన ఏమనేవాడో చెప్పి తేలుస్తారు.

పశువు మేయటమన్నానే, ఇప్పుడు ఆ పశువు జింక. పెద్దవాళ్ల ఉద్యానాల్లోంచి తప్పించుకున్న ఫాలో జింకలు, చైనా నుంచి వోబర్న్ ఎస్టేటుకు తెచ్చిన ముంట్జాక్‌లు అడవంతా నిండాయి. మేం జనవరిలో కోసిన మోడుకు మే నెలలో వచ్చిన పిలకలు జూన్‌కు ఉండవు. ఆక్స్‌లిప్ మొగ్గలూ అంతే. కనుక కోసిన ముక్క చుట్టూ నిలువెత్తు కంచె తప్పదు. చందా డబ్బులో పెద్ద వాటా దానికే పోతుంది.

ఆదివారాల్లో మా పని ఇది: కొందరు రంపంతో కోస్తారు, కొందరు మచ్చుకత్తితో కొమ్మలు చెక్కుతారు, నేను ఎక్కువగా వాసాలను లావును బట్టి వేరుచేసి కట్టలు కడతాను. తిన్నటి హేజెల్ వాసాలు వసంతంలో కూరగాయల మళ్లకు పందిరి గుంజలుగా అమ్ముడుపోతాయి. మా ఊళ్లో కౌన్సిల్ అద్దెకిచ్చే మళ్లలో నాలుగు తెలుగు కుటుంబాలు సాగు చేస్తాయి. వాళ్లకు ఈ గుంజలు అలవాటు చేశాను. గోంగూరకు ఈ చలి గిట్టదు గానీ బీన్స్ తీగ ఆ గుంజల మీద బ్రహ్మాండంగా పాకుతుంది. వెదురు కర్రలు ఓడలో రావటం కంటే ఇది మేలు కదా అంటే, మొదట ధర చూసి వెనకాడిన వదిన ఒకావిడ ఇప్పుడు మార్చి రాకముందే ఫోన్ చేసి తన కట్ట దాచమంటుంది. డబ్బు పెద్దగా రాదు. కానీ అడవి నుంచి ఊళ్లోకి పుల్ల పోయే దారి మళ్లీ తెరుచుకుందని నాకు సంతోషం. వందల ఏళ్లు అడవిని నిలబెట్టింది ఆ దారే.

ఇప్పుడు వచ్చిన కష్టానికి మాత్రం రంపం, కంచె రెండూ చాలవు. తూర్పు ఆసియా నుంచి వచ్చిన ఒక బూజు యాష్ చెట్లను పై కొమ్మల నుంచి ఎండగొడుతోంది. బ్రిటన్‌లో దాన్ని 2012లో గుర్తించారు. దేశదేశాల మధ్య మొక్కల వ్యాపారం ఇలా సాగితే చెట్లకు దాన్ని మించిన గండం లేదని రాక్‌హమ్ 2014లో యాష్ చెట్టు మీద రాసిన పుస్తకంలో హెచ్చరించాడు. ఎండిన మోళ్లను కొట్టేద్దామని కొందరు, తట్టుకుని నిలిచేవి ఏవో తేలేదాకా ముట్టుకోవద్దని కొందరు. నేను రెండో పక్షం. బతికి బయటపడే కొద్ది చెట్ల గింజ నుంచే రేపటి యాష్ రావాలి. తొందరపడి కొడితే వాటినీ పోగొట్టుకుంటాం.

చందా కోసం నిలబడినప్పుడు చాలామంది, మా పిల్లాడి పేరు మీద ఒక మొక్క నాటండి, ఎంతైనా ఇస్తాం అంటారు. మంచి మనసుతోనే అంటారు. ఇక్కడ మేం మొక్కలు నాటమని, ఎక్కడి నర్సరీ నుంచో తెచ్చిన మొక్క ఏ తెగులును వెంట తెస్తుందో తెలియదని, ఈ నేలలోనే మొలిచేవి చాలా ఉన్నాయని, వాటిని జింక నోట పడకుండా చూడటమే పని అని ఓపికగా చెబుతాను. కొందరు నిరాశపడి వెళ్లిపోతారు. ఉన్నవాళ్లను కంచె గుంజలకూ తీగకూ ఇవ్వమని అడుగుతాను.