భూగర్భ జలాల లెక్కలు: గ్రామ నీటి సంఘం రిజిస్టరు ఎలా ఉండాలి?

చాలా గ్రామాల్లో వాటర్‌షెడ్ కమిటీలు, నీటి సంఘాలు, స్వచ్ఛంద సంస్థలు వర్షపాతం, బోర్ల నీటి మట్టం నమోదు చేస్తుంటాయి. ఆ అంకెలు రబీలో ఏ పంట ఎంత వేయాలో తేల్చుకోవడానికి పనికిరావాలి. డిసెంబరులో బోరు బాగా పోస్తోందని వరి నాటితే, ఫిబ్రవరిలో నీరు తగ్గి పెట్టుబడి అంతా పోయే ప్రమాదం ఉంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కరవు పీడిత 7 జిల్లాల్లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సహకారంతో రైతుల యాజమాన్యంలో భూగర్భ జలాల ప్రాజెక్టు నడిచింది. అక్కడ రైతులే వర్షపాతం, నీటి మట్టం కొలిచి, ఊళ్లో బోర్డుపై రాసి, రబీకి ముందు అందరూ కూర్చుని నీటి బడ్జెట్ వేసుకున్నారు. మీ గ్రామంలో కూడా ఈ పద్ధతి పాటించవచ్చు.

మీ రిజిస్టరును ఇలా పరీక్షించుకోండి

1. ప్రతి బోరుకూ ఒక నంబరు ఉందా?
2. కొలిచిన తేదీ, సమయం, కొలిచినవారి పేరు ఉన్నాయా?
3. మీటర్లు, అడుగులు కలగాపులగం కాకుండా ఉన్నాయా?
4. పోయిన ఏడాది ఇదే నెల అంకె వెంటనే దొరుకుతుందా?
5. రిజిస్టరుకు రెండో ప్రతి ఉందా?
6. పోయిన రబీలో ఈ అంకెలు చూసి ఏదైనా నిర్ణయం తీసుకున్నారా?

వీటిలో దేనికి 'లేదు' అని జవాబు వస్తే అక్కడి నుంచే సవరణ మొదలుపెట్టాలి.

కొలిచే పద్ధతి

నీటి మట్టం: 15 రోజులకోసారి, తెల్లవారుజామున మోటారు వేయకముందే కొలవాలి. రాత్రంతా పంపు ఆగి ఉంటేనే అసలు మట్టం తెలుస్తుంది. వీలైతే చుట్టుపక్కల బోర్లు కూడా ఆపాలి. టేపును ప్రతిసారీ కేసింగు పైపు అంచున ఒకే గుర్తు దగ్గర పట్టుకోవాలి. టేపు 14.60 మీటర్లు చూపి, కేసింగు నేలపైకి 0.40 మీటర్లు ఉంటే, నీరు నేల నుంచి 14.20 మీటర్ల లోతున ఉన్నట్లు లెక్క. వాడకంలో లేని బోరును పరిశీలనకు ఎంచుకుంటే టేపు పైపులకు, కేబుల్‌కు చుట్టుకోదు. కొలిచిన వెంటనే దాని మూతను గట్టిగా బిగించాలి. తెరిచి ఉన్న బోరు పిల్లల ప్రాణాలు తీస్తుంది.

వర్షపాతం: రోజూ ఉదయం 8.30 గంటలకు కొలవాలి. వర్షమాపకాన్ని చెట్లు, ఇళ్లకు దూరంగా ఉంచాలి. ఒక మిల్లీమీటరు వాన అంటే ఎకరాకు సుమారు 4,000 లీటర్ల నీరు.

బోరు నీటి దిగుబడి: మోటారు వేసిన కొంతసేపటికి, ధార నిలకడగా వచ్చాక 200 లీటర్ల డ్రమ్ము ఎన్ని సెకన్లలో నిండుతుందో చూడాలి. 80 సెకన్లు పడితే సెకనుకు 2.5 లీటర్లు వస్తున్నట్లు.

రాయడంలో జాగ్రత్తలు

- వాన పడని రోజు '0' రాయాలి. కొలవని రోజు గీత గీసి కారణం రాయాలి. ఈ రెండూ ఒకటి కావు.
- కొలవని రోజుకు అంచనాతో అంకె వేయకూడదు.
- తప్పు పడితే తుడిచివేయకుండా ఒక గీతతో కొట్టి, పక్కన సరైన అంకె రాసి సంతకం చేయాలి.
- పోయిన పక్షం 12.80 ఉండి ఈసారి 18.20 వస్తే, మర్నాడు అదే సమయానికి మరొకరితో మళ్లీ కొలిపించాలి.
- నెలకోసారి రిజిస్టరు పేజీలను ఫోనులో ఫొటో తీసి ఇద్దరు ముగ్గురు సభ్యుల దగ్గర భద్రపరచాలి.

అంకెలతో పంట నిర్ణయం

ఈ నెల మట్టాన్ని పోయిన నెలతో కాకుండా పోయిన ఏడాది ఇదే నెలతో పోల్చాలి. వానల తర్వాత మట్టం పెరగడం, వేసవికి తగ్గడం ఏటా ఉండేదే. నవంబరు మట్టం పోయిన ఏడాది నవంబరు కంటే లోతుకు పోయిందంటే రబీ విస్తీర్ణం తగ్గించుకోవాల్సిందే.

ఉదాహరణకు, సెకనుకు 2.5 లీటర్లు పోసే బోరు రోజుకు 7 గంటలు నడిస్తే 63,000 లీటర్లు వస్తాయి. ఎకరా వరికి రోజుకు 10 మిల్లీమీటర్లు అనుకుంటే సుమారు 40,000 లీటర్లు కావాలి. అంటే ఎకరంన్నర తడుస్తుంది. ఫిబ్రవరిలో దిగుబడి 1.5 లీటర్లకు పడిపోతే వచ్చేది 37,800 లీటర్లే. అప్పుడు ఒక్క ఎకరా వరి కూడా పూర్తిగా తడవదు. అదే నీటితో రోజుకు 5 మిల్లీమీటర్లు చాలే వేరుశనగ వంటి ఆరుతడి పంటను దాదాపు 2 ఎకరాల్లో నిలబెట్టుకోవచ్చు. నేలను, ఎండను బట్టి ఈ అవసరం మారుతుంది కాబట్టి మీ ప్రాంతానికి సరిపోయే అంకెను వ్యవసాయ అధికారిని అడిగి వేసుకోవాలి.

పోయిన ఏళ్లలో ఫిబ్రవరి నాటికి దిగుబడి ఎంత తగ్గిందో రిజిస్టరు చూసి, ఆ తగ్గిన అంకెతోనే పంట లెక్క వేయాలి.

లెక్కలు ఎవరివి?

ప్రాజెక్టు ముగిశాక సంస్థ వెళ్లిపోతే రిజిస్టర్లు కూడా దానితోపాటే వెళ్లిపోకూడదు. అసలు ప్రతి గ్రామ సంఘం దగ్గరే ఉండాలని, సంస్థ నకలు మాత్రమే తీసుకోవాలని మొదటి సమావేశంలోనే తీర్మానం రాయించుకోండి. బోరు దిగుబడి వివరాలు బయటపడితే కౌలు, భూమి ధర మాటల్లో రైతుకు నష్టం కలగవచ్చు. అందుకే ఊరి బోర్డుపై యజమాని పేరు లేకుండా బోరు నంబరు మాత్రమే రాయాలి. వివరాలు బయటివారికి ఇచ్చే ముందు ఆ రైతు అనుమతి తీసుకోవాలి.

కొలిచే బాధ్యత ఒక్కరిపైనే పెట్టకుండా కనీసం ఇద్దరికి నేర్పించండి. జూన్‌లో కొత్త రిజిస్టరు మొదలుపెడితే వచ్చే రబీ నాటికి ఒక వానాకాలం లెక్క మీ చేతిలో ఉంటుంది.