జైలు గుమ్మం దాటిన తరువాత

మన జైలు చరిత్రలు చాలావరకు విడుదల రోజుతో ముగుస్తాయి. నాయకుడు విడుదలైతే గుమ్మం దగ్గర పూలదండలుంటాయి, ఊరేగింపు వుంటుంది. పేరులేని బీదవానికి ఏముంటుంది? బీహారుకు చెందిన రుదుల్ షా కేసు ఈ ప్రశ్నను మన ముందుంచింది.

1968 జూన్ 3న ముజఫర్‌పూర్ సెషన్సు కోర్టు అతన్ని నిర్దోషిగా తీర్మానించింది. అతడు జైలు నుంచి బయటపడింది 1982 అక్టోబరు 16న. నిర్దోషికి 14 ఏళ్ల చెర! ఎందుకయ్యా అంటే, తీర్పునాటికి అతనికి మతిస్థిమితం లేదని సర్కారువారి సమాధానం. మంచిది, అలాగే అనుకుందాం. అతడు మామూలుగా వున్నాడని 1977 ఫిబ్రవరిలోనే సివిల్ సర్జన్ రాశాడు. ఆ సంగతి న్యాయశాఖకూ చేరింది. ఆ తరువాత అయిదేళ్లకు పైగా తలుపు తెరుచుకోలేదు. అతనికి మతి చెడిందనటానికి ఆధారం గాని, నయం చేయటానికి ఏం చేశారన్న వివరం గాని రికార్డులో లేవని సుప్రీంకోర్టు ఎత్తి చూపింది. జబ్బు పేరు బంధించటానికి మాత్రమే పనికివచ్చిందన్నమాట.

1983 ఆగస్టు 1న సుప్రీంకోర్టు, అంతకుముందే చెల్లించిన 5,000 రూపాయలు గాక, మరో 30,000 ఇమ్మన్నది. ప్రాథమిక హక్కుల భంగానికి పరిహారమిప్పించిన తీర్పుగా దీన్ని విద్యార్థులు నేటికీ చదువుతున్నారు. చదవవలసిందే. కాని ఆ పిటిషన్ పరిహారంతో పాటు వైద్యపు ఖర్చులనూ పునరావాసాన్నీ కూడా అడిగింది. పరిహారం చరిత్రకెక్కింది, వైద్యం అడిగిన గొంతును మనం మరచిపోయాం. ఈ మరపు అమాయకమైనదని నేననుకోను. డబ్బు చెల్లిస్తే లెక్క తీరిపోతుంది. చెదిరిన మనసును కనిపెట్టి వుండాలంటే ఏళ్లు పడుతుంది.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రతి రాష్ట్రంలోనూ కనీసం ఒక జైలు వైద్యవిభాగంలో మానసిక చికిత్సాకేంద్రం వుండాలన్నది. సర్కారు వైద్యం పొందే హక్కును అందరికీ ఇచ్చింది. ఇవి ముందడుగులే. అయితే గోడలోపలి వైద్యుడు ఖైదీ వెంట ఇంటిదాకా నడిచిరాడు. బస్సు చార్జీకి తడుముకునేవాడు హక్కును వెతుక్కుంటూ జిల్లా ఆసుపత్రికి ఎలా వెళతాడు?

కుటుంబం చూసుకుంటుందని కొందరంటారు. 14 ఏళ్లలో ఆ కుటుంబం ఏమైందో ఎవరు చూశారు? చెర చేసిన గాయాన్ని మాన్పటం దయాధర్మం కాదు, చెర వేసినవారి బాకీ. విడుదల కాగితంతో పాటు చేతికి మందులు, దగ్గరి ఆసుపత్రిలో పేరు నమోదు, ఇంటికి వచ్చి పలకరించే ఒక మనిషి: ఈ మూడూ లేని విడుదలను నేను సగం విడుదల అనే అంటాను.